కత్తిరించని రెక్క

బ్రైడీకి కోళ్లంటే భయం. అయినా కోళ్లున్న ఇంట్లోనే అద్దెకు దిగింది. ఆస్ట్రేలియాలోని వాంగరట్టాలో అంత తక్కువ అద్దెకు పెరడున్న ఇల్లు మరొకటి దొరకలేదు. ఇంటామె పెట్టిన షరతు ఒక్కటే, తను ఊరెళ్లి తిరిగొచ్చేదాకా నాలుగు కోళ్లనూ చూసుకోవాలి. చిన్నపిల్లల బడిలో ఇరవై మందిని ఒంటిచేత్తో నిద్రపుచ్చగల అమ్మాయి, కోడి ముక్కు తన వైపు తిరిగితే రెండడుగులు వెనక్కి వేసేది. గుడ్లు తీయడానికి, వేడి గిన్నెలు దించే మందపాటి గ్లవ్ తొడుక్కుని వెళ్లేది.

రెండో వారంలో ఒక ఉదయం పక్కింటి స్టెలియోస్ కంచె మీదుగా తొంగిచూశాడు. అతని చంకలో నల్లకోడి పెప్పర్ దర్జాగా కూర్చుని ఉంది.

"మీ కోడి మా నానమ్మ టమాటా నారు తినేసింది. ఇదిగో, పట్టుకోండి."

"అక్కడ దించండి. అదే వస్తుంది."

అతని చూపు ఆమె చేతికున్న గ్లవ్ మీద పడింది. "ఏం, కోడి కాలుతోందా?"

బ్రైడీకి ఒళ్లు మండింది. అతను మాత్రం నవ్వుతూనే ఉపాయం చెప్పాడు. ఒక రెక్కకు పొడవాటి ఈకలు కత్తిరిస్తే కోడి తూకం తప్పి ఎగరలేదట, నొప్పి కూడా ఉండదట. వాళ్ల నానమ్మ పేరు ఫొతీని, ఆమె నలభై ఏళ్లుగా అలాగే చేస్తోందట. సాయంత్రం కత్తెర కూడా తెచ్చిచ్చాడు. మర్నాడు బ్రైడీ కత్తిరించేశానని చెప్పింది.

అయినా పెప్పర్ వారానికి రెండుసార్లు కంచె దూకుతూనే ఉంది. అతను తెచ్చి దించుతూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ మాటలు కాస్త పెరిగేవి. గుడ్డు పెంకు మెత్తగా వస్తే ఆల్చిప్పల పొడి పెట్టాలని, ఎండ ముదిరిన రోజున నీళ్ల గిన్నెలో ఐసు వేయాలని చెప్పేవాడు. ఒకసారి జడివాన పట్టుకుంటే ఇద్దరూ కోళ్లగూటి రేకు కింద నిలబడ్డారు. మధ్యలో తడిసిన కోడి. బ్రైడీ ఆరోజు కోడికి భయపడడం మరిచిపోయింది.

జనవరి ఎండల్లో ఒక ఆదివారం పొద్దున ఆమె దాణా డబ్బా పక్కకి జరిపింది. దాని వెనక కుబుసం ఉంది. బారెడు పొడవు, కాగితంలా ఎండి, తల దగ్గర రెండు కళ్ల గుర్తులతో.

బ్రౌన్ పాము, కరిస్తే ప్రాణం తీసేది. ఆ ఊళ్లో బడిపిల్లలకు కూడా ఆ పేరు తెలుసు.

బ్రైడీ ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. స్టెలియోస్‌కి చెబుదామనుకుంది. గ్లవ్‌కే అంత నవ్వినవాడు కుబుసానికి ఎంత నవ్వుతాడోనని ఊరుకుంది. రోజంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నీళ్ల పైపు కదిలినట్టుండేది. తీగ మీద ఆరేసిన తువ్వాలు నీడ కూడా పాకినట్టుండేది. మూడు కోళ్లు మేస్తున్నాయి. పెప్పర్ మధ్యాహ్నం నుంచీ లేదు. కంచె దూకి ఉంటుందిలే అనుకుంది.

పొద్దు వాలుతోంది. గుడ్లు వదిలేస్తే వాటి కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. వెళ్లక తప్పదు. కంగారులో గ్లవ్ మరిచిపోయింది. కోళ్లు గూటి లోపలినుంచి దూరి గుడ్లు పెట్టే పెట్టెల్లో, మొదటి రెండింట్లో మూడు గుడ్లు దొరికాయి. పది రోజులుగా పెప్పర్ గుడ్డే కనబడడం లేదు. మూలనున్న మూడో పెట్టెలో ఏ కోడీ పెట్టదు. అయినా చూద్దామని మూత కాస్త ఎత్తి, చీకట్లోకి చెయ్యి పెట్టింది.

బుస్సుమంది. మణికట్టు మీద చురుక్కుమంది. మూత ధన్‌మని పడింది.

"స్టెలియోస్" అని పిలిచింది. అతను కంచె దూకి వచ్చాడు.

"పాము. కరిచింది."

అతని ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు పోయింది. "కూర్చో. కదలకు. ఎక్కడున్నావో అక్కడే కూర్చో."

మణికట్టు మీద రక్తం చూసి ఆమె కొళాయి వైపు తిరగబోయింది. భుజం పట్టి ఆపేశాడు. "కడగొద్దు. అంటుకున్న విషాన్ని బట్టే ఏ పామో తేలుస్తారు."

అంబులెన్సుకు ఫోన్ చేయమని నానమ్మకు కేకేశాడు. తన బండిలోంచి సాగే బ్యాండేజీలు తెచ్చి, వేళ్ల నుంచి భుజం దాకా బిగించి చుట్టాడు. విరిగిన కంచె చెక్క ఒకటి ఆనించి కట్టాడు. కాటు ఎక్కడో తెలియడానికి పైన పెన్నుతో చతురస్రం గీశాడు. గీత వంకరపోయింది. ఆ వంకర చూసేసరికి బ్రైడీకి అసలు భయం పుట్టింది.

అంబులెన్సు హైవే మీద ఉందని, అరగంట పడుతుందని ఫొతీని కంచె అవతల నుంచి చెప్పింది.

"ముందు ఏమవుతుంది? కళ్లు కనబడవా?"

"నాకు తెలీదు."

"అబద్ధం."

"తెలుసు. చెప్పను."

ఆమె తన గుండె చప్పుడు తనే వింటూ కూర్చుంది. ఒక చీమ పాదం మీదికెక్కింది. కదలకూడదు కాబట్టి పోనిచ్చింది. అతనే దాన్ని తీసి పక్కన పెట్టాడు. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పేయాలి, తర్వాత నాలుక తిరుగుతుందో లేదో అనుకుంది బ్రైడీ.

"నేను పెప్పర్ రెక్క కత్తిరించలేదు."

"తెలుసు."

"ఎలా?"

"వారానికి రెండుసార్లు చంకలో పెట్టుకొచ్చినవాణ్ణి. ఈకలున్నాయో లేవో తెలీదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే కత్తిరించేస్తావని."

బ్రైడీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు చచ్చిపోవాలని లేదు స్టెలియోస్. ఇప్పుడైతే అసలు లేదు."

అతను ఆమె రెండో చేతిని పట్టుకున్నాడు. అంబులెన్సులో కూడా వదల్లేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా కట్టు విప్పేది లేదని నర్సు చెప్పింది. ఒక్కో నిమిషం గడుస్తుంటే బ్రైడీ గోడ మీది అక్షరాలు చదువుకుంటూ, మసకబారాయా లేదా అని చూసుకుంటోంది. అప్పుడు స్టెలియోస్ ఫోన్ మోగింది. ఫొతీని పొడవాటి కర్రతో వెళ్లి ఆ మూడో పెట్టె మూత ఎత్తిందట.

"పాము దొరికింది," అంది ముసలామె. "నల్లగా ఉంది. ఈకలున్నాయి. పది గుడ్లు పొదుగుతూ కూర్చుని, నా మీద కూడా బుస కొట్టింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వలేదు. పెట్టెలో కోడి ఉన్నంత మాత్రాన, దారిలో ఆమె చెప్పిన డబ్బా వెనక కుబుసం అబద్ధం కాదు. మొదటి పరీక్ష బాగుంది, రెండోది కూడా బాగుంది. కట్టు విప్పితే లోపల కనబడింది కోడి ముక్కంత చిన్న గాటు. దాన్ని చాలాసేపు చూసి, స్టెలియోస్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఫొతీనికి సంగతంతా తెలిసిపోయింది.

"అంటే నా నారు పోయింది కోడి వల్ల కాదన్నమాట, మీ ఇద్దరి వల్ల," అంది. "ఏమ్మాయ్, ఆ రెక్క ఇప్పుడే కత్తిరించు. స్టెలియోస్, నువ్వేమో ఆ కంచెకి ఒక గేటు పెట్టు. మనుషులు తలుపులోంచి రావాలి. కోళ్లలా దూకుతారా?"

గేటు ఆ వారమే లేచింది. పాములు పట్టే అతను వచ్చి పెరడంతా వెతికాడు గానీ ఏమీ దొరకలేదు. కుబుసం వదిలిన పాము ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. బ్రైడీకి ఆ భయం పోలేదు. రోజూ సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా ఆగుతుంది. తర్వాత ఒక చేత్తో స్టెలియోస్ చొక్కా అంచు పట్టుకుని, రెండో చేత్తో కర్ర తీసుకుని మూడో పెట్టె మీద తడుతుంది.

లోపల బుస్సుమంటుంది.

"పెప్పరేనా?" అని అడుగుతుంది.

"ఏమో," అంటాడు అతను. "ఇద్దరం చూద్దాం."