మూత వదులు

అయినా ఈ మాట నిన్ననే చెప్పేసి ఉండాల్సింది. నిన్నయితే అమ్మాయి తలనొప్పితో పడుకుంది, సగం విని ఊరుకునేది. ఇవాళ పొద్దున్నే లేచి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, కళ్లూ చెవులూ తెరుచుకుని కూర్చుంది. ఇవాళ చెబితే పూర్తిగా వింటుంది. పూర్తిగా వినే మనిషికి చెప్పడం ఎంత కష్టమో అనుకుంటూ బాయిలర్ మేస్త్రి గుమ్మం దగ్గర చెప్పులో కాలు పెట్టాడు. అది భార్య చెప్పు.

"ఎక్కడికండీ, నా చెప్పులేసుకుని?" అంది ఆవిడ వంటగదిలోంచి.

"ఎక్కడికీ లేదు."

"మరైతే కూర్చుని టీ తాగండి. సభ పదకొండింటికి. ఇప్పట్నుంచీ ఆ కాలు కాలిన పిల్లి నడకెందుకు?"

కూర్చున్నాడు. బట్టల మిల్లులో ఇరవై ఆరేళ్లుగా బొగ్గు బాయిలర్ నడుపుతున్న మనిషి. మంట రంగు చూసి ఆవిరి ఒత్తిడి ఎంతుందో చెప్పేస్తాడు, తర్వాత మీటరు ముల్లు చూస్తే అంతే ఉంటుంది. ఎదురుగా కూతురు పెన్సిలుతో గుర్తులు పెడుతూ కాగితాలు సర్దుకుంటోంది. మిల్లుల పొగగొట్టాల్లోంచి ఎంత బొగ్గుపులుసు వాయువు పోతోందో లెక్కగట్టే ప్రభుత్వ ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. కొత్త నిబంధన ముసాయిదాను ఇవాళ జనం ముందు చదవాల్సింది ఆమే. బొగ్గు బాయిలర్లను మూడేళ్లలో తీసేయాలా, ఇంకో పన్నెండేళ్లు ఉండనివ్వాలా అన్నది అందులో తేలుతుంది. జాగ్రత్తగా నడిపితే పొగ తగ్గుతుందని రుజువైంది కాబట్టి పన్నెండేళ్లు ఉండొచ్చని రాశారు. రుజువుగా చూపించిన మిల్లుల పట్టికలో మొదటి వరుస మేస్త్రి పనిచేసే మిల్లే.

ఆ సంగతి కిందటి నెల ఆమే ఎగురుకుంటూ వచ్చి చెప్పింది. "ఎలా చేశావు నాన్నా?" అని అడిగింది. "అనుభవం గువ్వా, అనుభవం," అన్నాడతను. ఆ క్షణంలో ఆ మాట నిజమనే అనిపించింది. మెచ్చుకునే కళ్లముందు మనిషికి తన అబద్ధం కూడా తన ప్రతిభలాగే కనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక గానీ అది అబద్ధమని గుర్తు రాలేదు.

"అయ్యో, చొక్కా చేతి మీద ఈ సిరా మరకేంటే?" అంది తల్లి, కూతురి చొక్కా పట్టుకుని. "సరేలే, ఫైలు అడ్డం పెట్టుకో. కాస్త మూత వదులు చేస్తే సరి. ఎవడు చూడొచ్చాడు?"

కూతురు నవ్వింది. "అమ్మా, ఈ మాట ఆఫీసులో అంటే ఒక్కరికీ అర్థం కాలేదు. నేను లెక్కల్లో తప్పినప్పుడు కూడా అన్నావు, 'నానమ్మకి మూత వదులు చేసి చెప్పు' అని. అసలిది ఎక్కడి మాట?"

"మీ నాన్న మిల్లు మాటే. తనిఖీవాళ్లు వస్తే మేనేజరు అరుస్తాడట, 'మేస్త్రీ, మూత వదులు!' అని. అదేంటండీ, చెప్పండి."

మేస్త్రి టీ గ్లాసులోకి చూశాడు. కూతురి నవ్వు ముఖం మీద అలాగే ఉంది గానీ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"ఏ మూత నాన్నా?"

చెప్పాడు. పొగగొట్టం అడుగున మసి తీయడానికి చెయ్యి పట్టేంత రంధ్రం ఉంటుంది. దానికో ఇనప మూత, నాలుగు బోల్టులు. పొగను కొలిచే గొట్టం దానికి జానెడు పైన. ఒకరోజు అన్నం గిన్నె వెచ్చబెట్టుకుందామని మూత వదులు చేశాడు. బయటి గాలి లోపలికి పోయి పొగ పలచబడింది, పైన కొలత ముల్లు పడిపోయింది. వింతగా ఉందే అని మేనేజరుకి చెప్పాడు, నవ్వుకోవడానికి. మేనేజరు నవ్వలేదు.

"తనిఖీలప్పుడేనా?"

"మొదట్లో. కొత్త యంత్రం పెట్టి మీ ఆఫీసుకి కలిపాక... రోజూ."

ఆమె పెన్సిలు కింద పెట్టింది. "మీ మిల్లు అంకెలు చూశాను, పొగలో ఆక్సిజన్ అంత ఉండకూడదు. యంత్రం పాడైందనుకున్నాను. మా పై అధికారికి చూపిస్తే, 'మీ నాన్న మిల్లేగా, ఆయన్నే అడుగు' అన్నారు. అడగలేదు. అడిగితే నిన్ను అనుమానించినట్టుంటుందని."

"నలభై మందిమి గువ్వా, ఆ బాయిలర్ల మీద బతికేది."

"మిల్లు మూయమని ఎవరన్నారు? పొగ ఎక్కువున్న మిల్లులకి కరెంటు బాయిలర్లు పెట్టుకోడానికి సర్కారు సాయం చేస్తానంటోంది. నువ్వు బాగుందని చూపించావు కాబట్టి మీకూ రాదు, మిమ్మల్ని చూపించి పన్నెండేళ్లు ఎవ్వరూ మార్చరు. ఈ ఒక్క మూత కింద ఎన్ని పొగగొట్టాలున్నాయో తెలుసా?"

"కరెంటు దానికి మంట ఉండదటగా!" అతని గొంతు పెరిగింది. "మంటే లేకపోతే నేనెందుకు?"

భార్య గరిటె పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఇంట్లో తిరుగుతూనే ఉందని ముగ్గురికీ ఒక్కసారే తెలిసినట్టయింది.

"ఆవిరి ఆవిరే నాన్నా," అంది కూతురు మెల్లగా. "అది తెలిసినవాడు కావాలి. కానీ నీ ఉద్యోగం ఖాయమని మాత్రం చెప్పను. చెబితే అదీ మూత వదులే."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఆ వరుస తీసేయమంటాను. నేను మాట్లాడమంటే నువ్వు నా కోసం మాట్లాడతావు, నాకు తెలుసు. అందుకే మాట్లాడమనను." లేచి కాగితాలు తీసుకుంది. ఫైలు మాత్రం మరకకు అడ్డంగా పెట్టుకోలేదు.

సభ హాలు నిండిపోయింది. మేనేజరు తన పక్కన కుర్చీ ఆపి ఉంచాడు. "రండి మేస్త్రిగారూ! చదివేది మన అమ్మాయే. ఇక మనకేం!"

ఆమె ముసాయిదా చదివింది. పట్టిక దగ్గర ఆగింది. "మొదటి వరుసలోని అంకె మీద నాకు నమ్మకం లేదు. దాన్ని తీసేసి, ఆ పన్నెండేళ్ల గడువును మళ్లీ పరిశీలించాలని కోరుతున్నాను."

హాల్లో గోల లేచింది. వేదిక మీది పెద్ద అధికారి కళ్లజోడు తీశాడు. "కారణం?"

"కొలిచే చోట బయటి గాలి కలుస్తోందని అనుమానం."

"రుజువు?"

"నా దగ్గర లేదండీ."

మేనేజరు లేచాడు. "ఇరవై ఆరేళ్ల అనుభవమున్న మేస్త్రి నడుపుతున్నాడండీ మా బాయిలర్! ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. కన్నతండ్రి పనినే నమ్మదా ఈ పిల్ల?"

"ఇంటి గొడవ ఇంట్లో చూసుకోవాలమ్మా!" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు.

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె అతనివైపు చూడటం లేదు. చూపు కాగితం మీదే పెట్టింది, పెదవులు బిగించి. కోపమనుకున్నాడు మొదట. తర్వాత అర్థమైంది. తను చూస్తే తండ్రి లేవాల్సి వస్తుందని చూడటం లేదు. పొద్దున తండ్రి నోట విన్నదంతా దగ్గరుంచుకుని, రుజువు లేదని చెప్పి, అన్ని నవ్వుల మధ్య ఒంటరిగా నిలబడింది. అతను తప్పించుకుపోవడానికి దారి వదిలి నిలబడింది. అతని కళ్లు మసకబారాయి. తన మెప్పు కోసం ఆ పిల్ల చిన్నప్పుడు బాయిలర్ గది గుమ్మంలో ఎంతసేపు నిలబడేదో, తనిప్పుడు ఆ పిల్ల మెప్పు కోసం ఎంత కిందికి జారాడో, రెండూ ఒకేసారి కనిపించాయి.

"ఇంకెవరైనా మాట్లాడతారా? లేకపోతే ఈ పట్టికను ఉన్నదున్నట్టు ఖాయం చేస్తాం," అన్నాడు పెద్ద అధికారి.

"కూర్చో మేస్త్రీ," అన్నాడు మేనేజరు పళ్ల మధ్యనుంచి. అప్పటికింకా మేస్త్రి లేవనేలేదు. కుడిచెయ్యి కదలకుండా మేనేజరు అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

మేస్త్రి ఎడమచెయ్యి ఎత్తాడు.