లేని చేతి దరువు

పొద్దున్నే ఊరంతా రాస్తోంది. పాలకేంద్రం వరసలో నిలబడ్డవాళ్లు తొడల మీద, బస్సెక్కినవాళ్లు ముందు సీటు వెనక వేళ్లాడిస్తున్నారు. మణికట్టుకు కట్టుకున్న నాడిపట్టీలు నరాల కదలికను పట్టుకుని, గాలిలో నిలిచిన రాతతెర మీద అక్షరాలు పరుస్తున్నాయి.

జక్రయ్య రాతతెర మాత్రం మొండికేసింది.

"కాలువ గట్టు అని రాస్తుంటే మధ్యలో ట, ట, డ, ట వచ్చి పడుతున్నాయి మరదలా!"

"నీ బుర్రలో ఉన్నదే రాస్తోందేమో బావా," అంది సలోమి. పట్నంలో నాడిపట్టీలు బాగుచేసే పని ఆమెది; అక్క ఇంటికి వచ్చి ఉంది.

"వెటకారం తర్వాత. మధ్యాహ్నంలోగా తప్పుల్లేని పేజీ పంపకపోతే నీటిసంఘంలో ఉద్యోగం ఇంకొకరికిస్తారు. మీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి."

నిరుటిదాకా జక్రయ్య డప్పు లేని పెళ్లి ఆ చుట్టుపక్కల లేదు. కోతయంత్రం అతని కుడిచేతిని మోచేతి కిందిదాకా తీసుకుపోయాక డప్పు గోడకెక్కింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కానీ రెండు చేతుల పట్టీలూ నరాల మీద ఉంటేనే తెర తెరుచుకుంటుంది. దాన్ని తయారుచేసినవాళ్లకు ఒంటిచేతి మనిషి గుర్తురాలేదు. అందుకని రెండో పట్టీని మిగిలిన మొండిచేతికి కట్టుకున్నాడు.

సలోమి పట్టీలు మార్చింది. తెరను మొదటి స్థితికి తెచ్చింది. తానే కట్టుకుని రాసి చూసింది. ఒక్క తప్పూ రాలేదు. మళ్లీ బావకు కట్టగానే అదే గొడవ.

"ఏమీ రాయకుండా ఊరికే కూర్చో," అంది.

ఖాళీ తెర మీద అక్షరాలు పడుతూనే ఉన్నాయి. రెండు పడి, కాస్త ఆగి, మళ్లీ మూడు. చూస్తూ చూస్తూ సలోమి కాలు నేల మీద ఆడింది.

"బావా! ఇది పెళ్లి దరువు! నీ కుడిచెయ్యి ఆ లావు సిర్రపుల్లతో డప్పు కొడుతోంది!"

"ఏ చెయ్యే?" అన్నాడతను.

సలోమి ఆ అక్షరాలను శబ్దంగా వినిపించే పలుకుపెట్టెకు కలిపింది. దెబ్బ! గది అదిరింది. జక్రయ్య ఖాళీ చొక్కాచెయ్యి వైపు చూశాడు. మళ్లీ దెబ్బ. ఈసారి కావాలనే కొట్టాడు.

తెర అడిగింది: 'అనవసర కదలికను శాంతపరచాలా?'

"ఊఁ అంటే ఆ నరం ఇక ఎప్పటికీ కదలదు. తప్పులుండవు, ఉద్యోగం దక్కుతుంది," అంది సలోమి. "ఇంకో దారి లేదు బావా."

జక్రయ్య ఎడమచేత్తో 'వద్దు' నొక్కాడు. లేచి గోడ మీది డప్పు దించి భుజానికి తగిలించుకున్నాడు. వేలితో చర్మం తట్టి మొహం చిట్లించాడు.

"ఇట్టా సాగిపోయిందేంటే! కాచకుండా పలుకుతుందా? ఏమేవ్ మరియా, వాకిట్లో గడ్డి అంటించు!"

ఏడాదిగా వినని ఆ కేకకు అతని భార్య మరియమ్మ చేతిలో చేట పడేసి పరిగెత్తుకొచ్చింది.

వాకిట్లో మంట లేచింది. ఎడమచేతి సన్నపుల్ల డప్పు మీద, లేని చేతి దెబ్బ పలుకుపెట్టెలో. రెండూ ఒక్కచోట కలిశాయి. వీధిలో రాసుకుంటూ పోతున్నవాళ్ల వేళ్లు ఆగిపోయాయి. లోపల తెర మీద 'గడువు ముగిసింది' అని మెరిసి ఆరిపోయింది. దాన్ని చూడాల్సినవాళ్లంతా వాకిట్లో ఉన్నారు, మరియమ్మ అప్పటికే అడుగు కలిపింది.