నలభై పురుగులకు ఒక ఇల్లు

దేవుడు చచ్చిపోయే వేళకు ఇంకా గంటన్నర ఉంది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడింటికి సికిహోర్ ద్వీపంలో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. స్నానం చేయరు, చీపురు పట్టరు, సముద్రంలో దిగరు. ఆ రోజు తగిలిన గాయం మానదు. చర్చి గంట గురువారమే మూగబోతుంది, మళ్లీ మోగేది ఆదివారం తెల్లవారాకే. ఆ నడిమి కాలానికి కాపలా లేదు… అది తెలిసినవాళ్లు తలుపులు మూసుకుంటారు. దానికోసమే ఏడాది పొడవునా కాచుకు కూర్చునేవాళ్లు కూడా ఉంటారు!

నానాయ్ పాసింగ్ పుట్టింట్లో మాత్రం ఆ వేళ జుట్టు గురించి గొడవ నడుస్తోంది.

కోడలు లోరిబెల్ తల దువ్వుకున్న చోట నేలమీద చిక్కు వెంట్రుకలు పడ్డాయి. ఊడ్చే రోజు కాదు. ఊడ్చకపోతే నానాయ్ పాసింగ్‌కు అన్నం సహించదు. దువ్వుకోవడానికి ఇవాళే దొరికిందా అని ఆవిడ, తలస్నానం ఎలాగూ లేదు కనీసం దువ్వుకోనూ కూడదా అని ఈమె. పెళ్లి జనవరిలో అయింది. ఇద్దరికీ కలిసి సెలవు దొరికింది ఈ పవిత్రవారంలోనే. హనీమూన్‌కి మా పుట్టింటి ఊరుండగా హోటలెందుకని నానాయ్ పాసింగ్ సెబు నుంచి తానూ బయల్దేరి వచ్చింది. మూడు రోజులుగా లోరిబెల్ పళ్లు బిగబట్టుకుని నవ్వుతూనే ఉంది.

లోరిబెల్ భర్త రెనాంతె ఆ వెంట్రుకలు ఏరి ఉండ చుట్టాడు. అవి తనకిమ్మని, రేపు పొయ్యి వెలిగించాక కాల్చేస్తానని ఆమె చెయ్యి చాచింది. పరాయి చోట జుట్టు వదలకూడదని వాళ్లమ్మ నేర్పిన అలవాటు. రెనాంతె నవ్వి, ఆ ఉండను కాగితంలో చుట్టి తన జేబులో వేసుకున్నాడు.

"దీనికింత పంచాయితీనా? నేను పారేస్తాలే. నువ్వు బూట్లు వేసుకో, గుహకి వెళ్తున్నాం."

"వద్దు రెనాంతె."

"పురుగులంటే భయం, చీకటంటే భయం, మోకాలిలోతు నీళ్లన్నా భయం. ఇంటికెళ్లేలోగా మూడూ వదిలిస్తానని మాటిచ్చానా లేదా?"

ఆ మాట అతనే ఇచ్చాడు, అతనే పుచ్చుకున్నాడు. కానీ ఆమె బూట్లు వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే అర్థం కాలేదు.

ఆ రోజు గుహకు రమ్మంటే దారి చూపేవాళ్లందరూ శిలువ గుర్తు వేసుకుని వెనక్కి తగ్గారు. ఒప్పుకున్నది ఒక్కడే. పేరు తిబుర్సో. ఎండిన కొబ్బరి మట్టలాంటి మనిషి. నడిచినా చప్పుడు కాదు. నడుముకు మూత బిగించిన వెదురు గొట్టం. దానికి చెవి ఆనించి వింటే లోపల ఏదో నెమ్మదిగా గీరుతున్న శబ్దం… గర్… గర్…

నలభై ఏళ్లుగా అతను ఆ గొట్టంలో నలభై నల్ల పురుగులను పెంచుతున్నాడు. ఒకప్పుడు అవి అతని ఆజ్ఞపై వెళ్లి శత్రువుల కడుపుల్లో దూరి ప్రాణాలు తీసి వచ్చేవి. ఇప్పుడతను ముసలివాడయ్యాడు, వాటి ఆకలి ముసలిది కాలేదు. ఇంకొక ప్రాణమున్న దేహాన్ని వాటికి ఇల్లుగా చూపకపోతే అవి యజమానినే తింటాయి. ఆ ఇంటికి ద్వారం భయం. మనసు నిండా భయమున్న మనిషి, ఆ మనిషి తలవెంట్రుకలు, దేవుడు లేని మూడుగంటల వేళ… ఈ మూడూ కలిసి రావాలి!

కలిసి వచ్చాయి. దారిలో రెనాంతె భార్య భయాలన్నీ ఒక్కొక్కటే చెప్పి నవ్వాడు. ఒక చిన్న చికిత్స ఉంది, ఆమె జుట్టు కాస్త ఉంటే చాలునన్నాడు తిబుర్సో. రెనాంతె జేబులోంచి కాగితం పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు. వెనకాల వస్తున్న లోరిబెల్‌ను ఒక్క మాట అడగలేదు.

గుహలో గబ్బిలాల కంపు. నల్లని నీరు. పైకప్పునుంచి వేలాడే రాళ్ల మీంచి చుక్కలు… టప్… టప్… ఎవరో లెక్క పెడుతున్నట్టు. బయట ఎండకాలపు ఆకాశం ఒక్కసారిగా కమ్ముకుని కొండ వెనక ఉరిమింది.

"ఇక్కడే నిలబడు. ఐదు నిమిషాలు. లైటు ఆర్పేస్తున్నాను. ఆ తర్వాత నువ్వే నాకు థాంక్స్ చెప్తావు," అన్నాడు రెనాంతె.

ఆమె వద్దంది. అతను ఆర్పేశాడు. నవ్వుకుంటూ నీళ్లలో అవతలికి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

చీకట్లో ఒక అగ్గిపుల్ల వెలిగింది. ఆ వెలుగులో రాతి గూట్లో మనిషి పుర్రె! దాని ముందు గొంతుక్కూర్చున్న తిబుర్సో ఒక్కొక్క పురుగు వెనక కాలికి ఒక్కొక్క వెంట్రుక ముడివేసి పుర్రెలోకి వదులుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ధ్వని లేదు. చివరి ముడి పడగానే పుర్రె కంటి గుంటల్లోంచి నల్లటి ధార కిందికి జారింది… ఆమె పాదాల మీదికి… మోకాళ్ల మీదికి… అరవడానికి నోరు తెరిచింది లోరిబెల్. తెరవకుండా ఉండవలసింది.

సాయంత్రానికి ఆమె పొట్ట ఏడు నెలల గర్భిణిలా ఉబ్బింది. చర్మం కింద ఏదో వరసగా నడుస్తోంది. మూడింటి ప్రార్థన నుంచి తిరిగొచ్చిన నానాయ్ పాసింగ్ గడపలోనే ఆగి శిలువ గుర్తు వేసుకుంది. మంచం మీద కోడలు కూర్చుని ఉంది. ఆమె నోట్లోంచి ముసలి మగ గొంతు వస్తోంది.

"బాగుంది… చోటు చాలా ఉంది. ఆదివారం గంట మోగేదాకా ఆగితే చాలు. ఆ తర్వాత ఇది మా ఇల్లే. మమ్మల్ని ఎవడూ ఖాళీ చేయించలేడు."

రెనాంతె మొదట అజీర్తి అన్నాడు. తర్వాత నటిస్తోందన్నాడు. ఆమె దగ్గినప్పుడు దిండు మీద ఒక నల్ల పురుగు పడి, కాలికున్న వెంట్రుకను ఈడ్చుకుంటూ మళ్లీ ఆమె నోట్లోకే పాకింది. ఆ సాయంత్రమంతా ఇంటి వెనక కొబ్బరి చెట్టు మీద గుడ్లగూబ ఒకటే కూత.

శనివారం పొద్దునే ఆమెను మోటారు బండి తొట్టిలో పడుకోబెట్టి కొండమీదికి తీసుకెళ్లారు. లోలా సెవెరా అక్కడుంటుంది. ఆ ద్వీపంలో చేతబడి తీసే ముసలమ్మల్లో పెద్దది, అందరికీ అమ్మమ్మ వరస. ఏడు శుక్రవారాల పాటు అడవి తిరిగి ఏరిన వేళ్లు, బెరళ్లు, శ్మశానపు మైనం కలిపి ఆ శనివారం ఒక్కరోజే కాచే పెద్ద కళాయి అప్పటికే పొంగుతోంది. ఆ పొగ తగలగానే లోరిబెల్ ఒంట్లోంచి నలభై గొంతులు ఒక్కసారిగా ఏడ్చాయి.

లోలా సెవెరా తొందరపడలేదు. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, అరచేతిలో అరిగిపోయిన నల్లరాయిని అందులో వేసి, సన్నటి వెదురు గొట్టం లోరిబెల్ పెదవుల మధ్య పెట్టింది.

"అవి నీ భయంలోంచి దూరాయి. ఆ భయమేదో నిజం చెప్పి ఊదితే అదే దారిన పోతాయి. అబద్ధం చెప్పావా, ఇంకా లోపలికి పోతాయి. నేను మూడుసార్లే అడగగలను ఇందాయ్, నా తల్లీ. దేనికి భయం?"

"పురుగులకి," అని ఊదింది లోరిబెల్. గ్లాసులో నీరు నల్లబడింది. పొట్ట ఇంకాస్త ఉబ్బింది.

"దేనికి?"

"చీకటికి… గుహకి." నీరు తారులా చిక్కబడింది. ఆమె ముక్కు వెంట నెత్తురు కారింది. ముసలి గొంతు లోపల్నుంచి కిచకిచ నవ్వింది.

"ఆమెకి నీళ్లన్నా భయమే లోలా, అదే అయ్యుంటుంది, నాకు తెలుసు…" అంటూ రెనాంతె ముందుకొచ్చాడు.

"నిన్నడగలేదు," అంది సెవెరా తల తిప్పకుండా.

ఆ ఒక్క మాటతో లోరిబెల్ లోపల ఏదో పుటుక్కున తెగింది. బూట్లు ఎందుకు వేసుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. సెవెరా మూడోసారి అడిగింది. ఈసారి ఆమె సొంత గొంతే పలికింది, నెమ్మదిగా.

"వద్దని చెప్పాలంటే భయం. చెప్తే నవ్వుతారు. నవ్వితే నేను కూడా నవ్వేసి వెంట వెళ్లిపోతాను."

"అయితే ఇప్పుడు చెప్పు. లోపలున్నవాటికి చెప్పు."

"వద్దు," అంది లోరిబెల్. కళాయి కింద మంట ఆరడుగులు లేచింది. "వద్దు." కొండ మొత్తం ఉరిమింది. మూడోసారి ఆమె గొంతు పెంచలేదు, తలుపు గడియ వేసినంత మామూలుగా అంది. "వద్దు." గొట్టంలోకి ఊదింది. నల్లటి ధార గ్లాసులోకి దూకి, గ్లాసు పగిలి, కొండవాలు మీదుగా గుహవైపు పాయలా పాకింది… వెనక నేలమీద చిందినవి తేటనీళ్లు!

గుహలో తిబుర్సో పుర్రె ఎదుట కూర్చుని విముక్తి కోసం కాచుకుని ఉన్నాడు. అతనికి ఆ చప్పుడు తెలుసు. నలభై ఏళ్లుగా రోజూ విన్న చప్పుడే… గర్… గర్… ఈసారి గొట్టంలోంచి కాదు. లోకంలో ఎవరికీ భయపడని తిబుర్సో ఆ నలభై ఏళ్లూ భయపడింది వాటికి మాత్రమే. తెరిచిన ద్వారం వాటికి ఎదురుగానే ఉంది. మంత్రం అందుకోవడానికి నోరు తెరిచాడు… ఆదివారం గంట మోగాక ఊరివాళ్లు వెళ్లి చూస్తే అక్కడ అంగీ ఉంది, అంగీలో ఎముకలున్నాయి. ఎముకలు శుభ్రంగా, కడిగిపెట్టిన పింగాణీలా ఉన్నాయి.

ఈస్టర్ మధ్యాహ్నం ఇంట్లో చుట్టాలందరూ చేరారు. నలభై రోజుల ఉపవాసాల తర్వాత పంది మాంసం కూర, కొబ్బరిపాలలో ఉడికిన పనసకాయ, వేడి అన్నం. అందరి నోళ్లలోనూ లోరిబెల్ మాటే. రెండో వడ్డన అయ్యేసరికి రెనాంతెకు ధైర్యం తిరిగొచ్చింది. కథ అతను చెప్పడం మొదలుపెట్టాడు. గుహ ఎంత లోతో, పురుగులు ఎంతెంతున్నాయో… జుట్టు పొట్లం సంగతి మాత్రం రాలేదు. భయాన్ని ఎదుర్కొంటేనే పోతుందని తాను ముందునుంచీ అంటూనే ఉన్నానని, చివరికి పోయిందా లేదా అని చుట్టాలను అడిగాడు. పోయిందని వాళ్లు ఒప్పుకున్నారు. మామయ్యొకడు అతని వీపు తట్టాడు. రేపు జలపాతం దగ్గరికి వెళ్తున్నామని, అక్కడ ముప్ఫై అడుగుల ఎత్తునుంచి లోరిబెల్ దూకబోతోందని అతను ప్రకటించాడు. అందరూ నవ్వి ఆమెవైపు చూశారు.

లోరిబెల్ నవ్వలేదు. ముద్ద నమిలి మింగింది. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రేపు పొద్దున పడవకి నేను బొహోల్ వెళ్తున్నాను, మా అమ్మ దగ్గరికి. ఒక్కదాన్నే. ఎన్నాళ్లుంటానో నాకింకా తెలీదు. నువ్వు రావాలనుకుంటే ముందు నన్నడుగు రెనాంతె. నేను వద్దంటే రాకు."