కైలాసం ఇంట్లో రెక్కల దేవత

పోశవ్వ డిటెక్టివ్ పద్మలత ఆఫీసు బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది గానీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. కరీంనగర్‌లో పద్మలతకు మంచి పేరుంది. సహాయకుడు నరేశ్ ఇచ్చిన నీళ్లు తాగి పోశవ్వ సంగతి చెప్పింది. తాను పని చేసే కైలాసం సారు ఇంట్లో పాత వెండి నాణెం పోయింది. అల్మారా తుడిచేది తానే కనుక అనుమానమూ తన మీదే. సాయంత్రంలోగా ఇవ్వకపోతే పోలీసులకు చెప్తానన్నాడు.

“ఠాణా ఎక్కినదాన్ని మళ్ల ఎవరింట్ల రానిస్తరమ్మా?”

కైలాసం చెడ్డవాడేం కాదు, నాణేల పిచ్చి ఉన్న రిటైర్డ్ లెక్చరర్. పోశవ్వతో కలిసి పద్మలత, నరేశ్ ఇంటికి వెళ్తే, తాత నుంచి వచ్చిన రోమన్ నాణేల పెట్టెను అల్మారాలోంచి తీసి తెరిచి చూపించాడు. ఉన్నవాటి మీద గడ్డాల రాజులు, గుర్రాలు. పోయినదాని మీద విక్టోరియా. రాణి కాదు, రోమన్లు గెలుపు కోసం కొలిచిన దేవత. రెండు రెక్కలు, చేతిలో ఆకుల దండ.

పెట్టెలోని మఖ్మల్ గుడ్డకు పసుపు అంటి ఉంది. పద్మలత దాన్ని నరేశ్‌కు చూపించింది.

ఇల్లంతా వెతికానని, దేవుడి అర కూడా దండం పెట్టుకుని మరీ చూశానని కైలాసం చెప్పాడు. తల్లి బాలలక్ష్మిని మాత్రం అడగలేదట.

“అవ్వకు తెలిస్తే పరేషాన్ అయితదని చెప్పలే.”

పద్మలత వెళ్లి ముసలామె పక్కన కూర్చుని ఆ మాటా ఈ మాటా కదిపింది. నిరుడు ఇంటి దేవుళ్లకు స్నానం చేయించడానికి ధర్మపురి గోదావరికి తీసుకుపోతే ఎల్లమ్మ వెండి బిళ్ల నీళ్లలో జారిపోయిందట. కొడుక్కు చెప్పలేక ఆమె లోలోపలే కుమిలిపోయింది.

పద్మలత అందరినీ దేవుడి అర ముందుకు పిలిచింది.

“వెండి కోసమైతే పెట్టెనే పోయేది సారూ. దేవత ఉన్నదొక్కటే పోయింది. గుడ్డకు పసుపున్నది. అల్మారా తుడిచే చేతికి పసుపెక్కడిది, పూజ చేసే చేతికుంటది గానీ. మీరు ఈడ దండం పెట్టిన్రు, చూడలే.” తర్వాత ముసలామె వైపు తిరిగింది. “అవ్వా, ఎల్లమ్మను ఒక్కసారి తుడుస్తవా?”

బాలలక్ష్మి తడి కొంగుతో గుండ్రటి బిళ్లను తుడిచింది. పసుపు కింద నుంచి రెక్కలు బయటపడ్డాయి.

“అల్మార్ల కనబడ్డది బిడ్డా. మనింటి దేవతను మనింట్ల కూసోబెట్టుకున్న.”

“అవ్వా, ఎల్లమ్మకు రెక్కలెక్కడియే?” అన్నాడు కైలాసం.

“గంగలకెల్లి ఇంటికి రావాలంటే రెక్కలుండొద్దారా?”

అందరూ నవ్వారు, పోశవ్వ తప్ప. ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఎందుకో తెలిశాక బాలలక్ష్మి ముఖం వాడిపోయింది. కైలాసం నాణేన్ని తల్లి అరచేతిలోనే ఉంచి తల దించుకున్నాడు.

“పోయిందని నాకొక్క మాట చెప్తివా? ముందుగాల ఆమెకు కుర్చీ వెయ్యి” అంది తల్లి.

తన కుర్చీనే తెచ్చి వేశాడు. ఈసారి పోశవ్వ కూర్చుంది.