చచ్చినవాడి సంతకం

చనిపోయిన మనిషి మూడు నెలలపాటు సంతకాలు పెట్టాడు!

పెద్దాయన ఫైలు మూసి కళ్ళజోడు తీశాడు. సీక్రెట్ సర్వీస్‌లో చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

"మన దేశంవాడే. ఉద్యోగానికని ఆ చిన్న దేశం వెళ్ళాడు. పోయిన మూడు నెలలకి శవం చెరువులో దొరికింది. అప్పటిదాకా వాడి కార్డు మాత్రం ఆయుధాల పెట్టెలు ఓడలెక్కిస్తూనే ఉంది."

"కార్డా సార్?"

"అక్కడ అన్నిటికీ ఒకటే కార్డు. తలుపు, బ్యాంకు, సంతకం, అన్నీ అదే. మనిషి పోయాడని ఎవరో ఒకరు చెబితేగానీ కార్డు చావదు. ఒంటరివాడు పోతే చెప్పేదెవరు? ముఠా అలాంటివాళ్ళనే ఏరుకుంటోంది. నీ డిస్‌గైజ్ అదే. వెళ్ళి ఒంటరిగా ఉండు."

ఏజెంట్ జిగురుకి నవ్వొచ్చింది. ఎవరినైనా అంటుకుంటే వదలడని వచ్చిన పేరు అది. గడ్డాలు, విగ్గులు, పాస్‌పోర్టులు మార్చడం అతనికి మంచినీళ్ళ ప్రాయం. ఒంటరితనం ఎంత బరువైన వేషమో అప్పటికింకా తెలియదు.

అక్కడికి వెళ్ళాక తెలిసొచ్చింది. ఇల్లు స్క్రీన్ మీదే దొరికింది, ఉద్యోగమూ స్క్రీన్ మీదే. సరుకులు చక్రాల మీద నడిచే పెట్టె ఒకటి తెచ్చి గుమ్మంలో దించిపోయేది. మొదట్లో దానికి థాంక్స్ చెప్పేవాడు. తర్వాత్తర్వాత దాన్ని ఆపి కష్టసుఖాలు మాట్లాడసాగాడు. చొక్కా గుండీలో దాచిన కెమెరా చలికాలమంతా ఎదురుగోడనే ఫొటోలు తీసింది.

మనిషి మొహమంటూ చూసింది వదినదే. ఫోనెవరు విన్నా ఇంటి కబుర్లనుకోవాలని డిపార్ట్‌మెంట్ కలిపిన వరస అది. అక్కడ మనవైపు కాంటాక్ట్ ఆవిడే. ఎర్రకోటు, ఖరీదైన సెంటు, నెలకోసారి రాక.

"ఏం మరిదిగారూ, చిక్కిపోయారే! అమ్మ గుర్తొస్తోందా?"

ఆ ఒక్క మాటతో అతని నోటికి గేట్లెత్తినట్టయ్యేది. కబుర్లలో పడి, ఆవిడ పక్కనుండగానే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఎన్నిసార్లు కార్డు పిన్ కొట్టాడో లెక్కలేదు.

ఆ రోజు ఆవిడ కోటు తీసి కుర్చీకి తగిలించగానే, అలవాటుకొద్దీ కాలర్ కింద మైక్ అంటించాడు. అనుమానంతో కాదు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ అడుగుల చప్పుడు ఇంకాసేపు విందామని.

"ఇవాళ కాఫీ నేను కలుపుతాను, మీరు కూర్చోండి" అంది వదిన.

కాఫీ చేదుగా ఉందని నాలుకకు తెలుస్తూనే ఉంది. ఇంకొకరు కలిపిచ్చిన కాఫీ కదా అని చివరి చుక్కదాకా తాగేశాడు.

మెలకువ వచ్చేసరికి పర్సులో కార్డు లేదు. ఫోనూ లేదు. కార్డు లేక తలుపు తెరుచుకోలేదు. చెవిలో దాచిన రిసీవర్‌లో మాత్రం వదిన గొంతు, ఎవరితోనో.

"పన్నెండింటికి ఓడ. మరిది పేరుమీద సంతకం పెట్టేస్తాను. తర్వాత వాణ్ణి చెరువుకి చేర్చే పని మీది."

డబుల్ ఏజెంట్!

పన్నెండు కావస్తోంది. కిటికీ దాటి, పైపు పట్టుకుని జారి, వెనకవీధి క్లినిక్‌లోకి దూసుకెళ్ళాడు. ప్రాణం మీదికొస్తే తప్ప వెళ్ళొద్దన్న అడ్రసు అది.

"గొంతులో ముల్లు దిగింది."

డాక్టర్ తలెత్తాడు. "ఏ చేపది?"

"ఈత రాని చేపది."

కోడ్ కలిసింది. "రా బాబూ, ఏమైంది? కార్డు పోయిందా? ఆపించేద్దామా?"

"ఆపాలన్నా నా ఫోనే కావాలి. అది వదిన దగ్గరుంది. ఇక ఒకటే దారి డాక్టర్‌గారూ. నన్ను చంపెయ్యండి!"

డాక్టర్‌కి వెంటనే వెలిగింది. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "దేంతో పోయావని రాయను?"

"ఏదో ఒకటి! త్వరగా!"

చెవిలో వదిన పిన్ నొక్కుతున్న చప్పుడు. ఒక అంకె. రెండోది. మూడోది. డాక్టర్ ఎంటర్ కొట్టాడు. నాలుగో అంకె పడగానే రేవులోని యంత్రం తీరుబడిగా పలికింది.

"ఈ వ్యక్తి జీవించి లేరు."

గేట్లు దబ్బున మూసుకున్నాయి. వెంటనే సైరన్లు మోగాయి.

మర్నాడు కార్డులిచ్చే ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా మర్యాదగానే చెప్పింది.

"మా దగ్గర అన్ని పనులూ ఇంట్లోంచే అవుతాయండీ. మళ్ళీ బతకాలంటే మాత్రం స్వయంగా రావాలి. మిమ్మల్ని ఎరిగినవాళ్ళని ఒకరిని తీసుకురండి, చేత్తో సంతకం పెట్టాలి."

"డాక్టర్‌గారు సరిపోరా?"

"మీరు పోయారని రాసిందే ఆయన కదండీ!"

పక్కఫ్లాట్ వాళ్ళ మొహం అతనెప్పుడూ చూడలేదు. అతను పనిచేసే ఆఫీసువాళ్ళకి అతనొక ఫొటో. ఇన్ని నెలలు ఊళ్ళో బతికి, బతికున్నాడని చెప్పే మనిషిని సంపాదించుకోలేకపోయాడు. ఆ దుఃఖం ముందు చెరువు నయమనిపించింది. చాలాసేపు ఆలోచించి, ఒకే ఒక్క పేరు రాసిచ్చాడు.

ఇద్దరు పోలీసుల మధ్య వదిన వచ్చింది.

"ఈయన మీకు తెలుసా?" అడిగింది గుమస్తా.

వదిన అతని వంక చూసింది. "తెలియకేం. నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటాడు. దీపం ఆర్పితే నిద్రపట్టదు. నేను వెళ్ళొస్తానంటే, ఇంకో మాట వెతుక్కుని మరీ ఆపుతాడు."

గుమస్తా తృప్తిగా తలూపింది. జిగురు కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏరా, బతికావా?"

"బతికాను సార్. కాస్త ఆలస్యమైంది. సాక్షి చేతులకి బేడీలున్నాయి, సంతకం పెట్టడం కష్టమైంది."