చల్ల షెడ్డులో నల్లమట్టి

దుబాయ్ అవతల సజ్జాలో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ వెనక ఒక పొడవాటి రేకుల షెడ్డు ఉండేది. చుట్టుపక్కల కూలీల క్యాంపుల్లో దాన్ని చల్ల షెడ్డు అనేవాళ్లు. పొద్దుగూకిందంటే అటువైపు పిట్ట పురుగు కూడా పోయేది కాదు. దేనికీ జంకమని మీసాలు దువ్వుకునే పఠాన్ డ్రైవర్లు సైతం లారీని వంద గజాల ఇవతలే ఆపేసి, సామాను మీరే మోసుకుపొండని చెప్పేవాళ్లు.

ఎందుకంటే ఆ షెడ్డులో ఒక కొండ ఉంది. రాత్రయితే ఆ కొండ మీద ఎవరో నడుస్తారు...

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. 2014 ఎండాకాలంలో రెండు నెలలు తిరక్కుండానే ముగ్గురు కాపలావాళ్లు ఆ డ్యూటీ వదిలి పారిపోయారు. మూడోవాడు మంగరాజు, గోదావరి జిల్లా మనిషి. చలిజ్వరంతో వారం రోజులు మంచం దిగలేదు. నాలుగోవాడిగా వెళ్తున్న హన్మాండ్లును పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా చెవిలో చెప్పాడు.

"రాళ్లు వాటంతటవే లేత్తాయండీ. అడుగులో అడుగేసుకుంటా దిగి వత్తాదండీ అది... చెప్పుల్లేకుండా."

అయినా హన్మాండ్లు వెళ్లాడు. ఆ డ్యూటీ అతను అడిగి మరీ వేయించుకున్నాడు. దాని వెనక సంగతి వేరే ఉంది.

ముందు ఆ కొండ సంగతి చెప్పాలి. ఎవరో పెద్దవాళ్లు ఒక మాల్ లోపల చలికొండ అడవి పెంచుదామనుకున్నారు. డబ్బుంటే కొండ మీది కోతైనా దిగివస్తుందంటారు, ఇక్కడ ఏకంగా కొండే దిగివచ్చింది. మాల్‌లో పెట్టేముందు ఈ షెడ్డులో రెండంతస్తుల ఎత్తున ఒక వాలు కట్టి, దాని మీద నలభై దేవదారు చెట్లు నాటారు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తుంటే, లోపల రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి. ఆ చెట్లకు మామూలు మట్టి పడదని ఎక్కడో మంచుకొండల అడవి నుంచి, ఒకప్పుడు అగ్నిపర్వతం కక్కిన బూడిద మట్టిని ఓడలో తెప్పించారు.

ఆ మట్టి దింపిన కూలీల్లో హన్మాండ్లూ ఉన్నాడు, అతని బామ్మర్ది భూమేశూ ఉన్నాడు. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర నల్లరేగడి పల్లె. మట్టి విషయంలో తమకు ఒకరు చెప్పేదేముందిలే అని వాళ్ల ధీమా. తీరా మొదటి సంచి ఎత్తినప్పుడు హన్మాండ్లు వెనక్కి తూలి పడబోయాడు. బరువు ఉంటుందనుకుని గట్టిగా లేపితే, అది ఊకబస్తాలా తేలిగ్గా వచ్చేసింది. అందులోని కంకరరాళ్లు బకెట్లో వేస్తే మునగలేదు, నీటి మీద తేలాయి. చూడ్డానికి మట్టి పొడిగా ఉంది. గుప్పిట్లో పిసికితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"ఇది మట్టి గాదు బావా, మట్టి ఏషం ఏస్కున్నదేందో" అని భూమేశ్ ఆ రోజంతా నవ్వాడు. వాడికి ఇరవై రెండేళ్లు. దేనికైనా నవ్వేవాడు.

ఏప్రిల్‌లో వాడికి ఆ షెడ్డులోనే ఒంటరిగా రాత్రి పని పడింది. అర్ధరాత్రి దాటాక క్యాంపులో నిద్రపోతున్న హన్మాండ్లుకు ఫోన్ చేశాడు.

"బావా, కింద మట్టి జారుతాంది. కాలు వెడ్తే మెత్తగ దిగవడ్తాంది. పొద్దుగాల మేనేజర్ సార్ అచ్చి సూత్తె నన్ను ఇంటికి తోలుతడు..."

హన్మాండ్లు పన్నెండు గంటల డ్యూటీ చేసి పడుకున్నాడు. కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"గంతదానికి భయమేందిరా. కంపాక్టర్ మిషన్ వెట్టి నాలుగు సార్లు కొట్టు. మనకాడ దిమ్మిస కొట్టమా? గట్టివడ్తది."

"అంతేనంటవా?"

"అంతే. పో."

తెల్లారేసరికి వాలు కిందిభాగం కూలిపోయి ఉంది. భూమేశ్ లేడు. మిషనూ లేదు. చేసిన నష్టానికి భయపడి, మిషన్ అమ్ముకుని పారిపోయాడని కంపెనీ పరారీ కేసు పెట్టింది. పెద్దలు చూడ్డానికి వస్తున్నారని ఆ రోజే కొత్త మట్టి సంచులు తెచ్చి, జారినచోట పోసి, ఖలాస్ అన్నారు.

పారిపోయాడనే హన్మాండ్లూ అనుకున్నాడు. అనుకోవడం కాదు, ఆ మాటను పట్టుకుని బతికాడు. ఏ బనియాస్ సందుల్లోనో, డేరా బజార్లోనో దొంగచాటుగా పని చేసుకుంటూ ఉంటాడు, భయం తగ్గాక ఫోన్ చేస్తాడు అని రోజూ తనకు తానే చెప్పుకున్నాడు. అవతల ఊళ్లో అతని భార్య నవత రోజూ ఒకటే అడిగేది, భూమేశ్ ఫోన్ చేశాడా అని. భూమేశ్ ఆమెకు తమ్ముడే గాని, తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. వీసా పెట్టి దుబాయ్ తీసుకొచ్చింది హన్మాండ్లు. ఆ రాత్రి ఫోన్ సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. మింగలేకా కక్కలేకా రెండు నెలలు గడిపాడు.

ఈలోగా ఈ దెయ్యం పుకారు లేచింది. భూమేశ్ పోయిన తర్వాతే లేచింది! అందరికీ అది దెయ్యమైతే భయం. హన్మాండ్లుకు భయం ఇంకోటి. అది దెయ్యమే అయితే, చచ్చింది ఎవరు? అది దెయ్యం కాదని తేలిపోతే చాలు, వాడు బతికే ఉన్నట్టు. అందుకే వెళ్లి ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి ఆ డ్యూటీ వేయించుకున్నాడు.

మొదటి రాత్రి.

రెండు జాకెట్లు తొడుక్కుని, టార్చి పట్టుకుని వాలు అడుగున నిలబడ్డాడు. గంటకోసారి చలి ఎంతుందో చూసి రాయడం అతని పని. మిషన్ల హోరు తప్ప ఏమీ లేదు. రెండింటికి ఆ హోరు కూడా ఆగింది...

అప్పుడు వినిపించింది. పైన, చెట్ల సందుల్లో — కరకర. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ కరకర... ఈసారి కాస్త కిందికి.

టార్చి వేశాడు. మనిషి లేడు. కాని నేల కదులుతోంది. గులకరాళ్లు ఒక్కొక్కటే, లోపల్నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు, బెత్తెడు పైకి లేచి ఒరిగి పడుతున్నాయి. ఒకటి పడితే పక్కది కదులుతోంది. ఆ చప్పుడు అడుగులేసుకుంటూ వాలు దిగి అతని వైపే వస్తోంది.

"భూమేశ్..." అన్నాడు.

వెనక్కి వెనక్కి జరిగాడు. జరిగి జరిగి ఒకచోట ఆగాడు. అక్కడ మాత్రం నేల కదల్లేదు. చుట్టూరా రాళ్లు లేస్తున్నాయి, అతని కాళ్ల కింద ఒక్కటి లేవలేదు. ఒక చాప పరిచినంత జాగా, నిశ్చలంగా ఉంది. తెల్లారేదాకా ఆంజనేయ దండకం వచ్చినంతవరకు చదువుతూ అక్కడే నిలబడ్డాడు.

రెండో రాత్రి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అక్కడే వేసుకున్నాడు. ఆ జాగాలో కూర్చుంటే తనకేదో అండ ఉన్నట్టు అనిపించింది. లేచి చలి రాసుకుని మళ్లీ పరుగున వచ్చి అందులోనే కూర్చునేవాడు. అలా ఆరు రాత్రులు గడిచాయి. ఇక ఆగలేక ఏడోనాడు ఇంజనీరు మహీధర్ దగ్గరికి వెళ్లాడు. మే నెలలో కొత్తగా చేరిన విజయవాడ అబ్బాయి, నెమ్మదస్తుడు. ఒక్క రాత్రి వచ్చి, కళ్లారా చూసి, అది దెయ్యమో కాదో చెప్పి పొమ్మని హన్మాండ్లు చేతులు జోడించాడు. ఆ పెద్దమనిషి మొహం చూసి మహీధర్ కాదనలేకపోయాడు.

ఆ రాత్రి ఇద్దరూ కాచుకున్నారు. రెండు దాటగానే... కరకర.

మహీధర్ జంకలేదు. వాలెక్కి, లేచిన రాయి ఒకటి తీసి, దాని కిందికి టార్చి కొట్టి హన్మాండ్లును రమ్మన్నాడు. రాయి కింద సన్నని మంచు సూదులు, గడ్డిపరకల్లా దగ్గరదగ్గరగా నిలబడి ఉన్నాయి.

"ఇదీ నీ దెయ్యం" అన్నాడు. ఈ బూడిద మట్టి ఎంత నీళ్లయినా తాగి కడుపులో దాచుకుంటుందట. పైన చలి బిగియగానే ఆ నీళ్లు కిందినుంచి పైకి ఎగబాకి, సూదుల్లా గడ్డకట్టి, రాళ్లను ఎత్తేస్తాయట. చలికొండల మీద ప్రతి రాత్రీ జరిగేదే ఇది. చెట్లకు చలినిద్ర కావాలని మేలోనే ఇక్కడ చలి పెంచారు, చప్పుళ్లూ అప్పుడే మొదలయ్యాయి.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! హన్మాండ్లు అక్కడే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దెయ్యం లేదు. అంటే వాడు ఉన్నాడు. రెండు నెలల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సంతోషంలోనే, మాటల్లో మాటగా అడిగాడు.

"సార్... ఈ మట్టిని మిషన్ వెట్టి కొడ్తె గట్టివడ్తది గద?"

మహీధర్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మో, ఆ పని మాత్రం చెయ్యకూడదు. కదిలించనంతసేపే ఇది నేల. కొట్టేకొద్దీ లోపలి నీళ్లన్నీ వదిలేసి జావైపోతుంది. ఏప్రిల్లో ఎవడో అలాగే కొట్టాడట కదా, వాలు కిందిభాగమంతా వచ్చి మీద పడింది. వాడు ముందే పారిపోయి బతికిపోయాడు."

హన్మాండ్లు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. మీద పడింది... ఎవరి మీద?

మహీధర్ అదేమీ గమనించలేదు. టార్చి తిప్పుతూ వాలు దిగాడు. వెలుగు లేచిన రాళ్ల మీదుగా జారుకుంటూ వచ్చి, కుర్చీ దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇదేంటి, ఇక్కడొక్క రాయీ లేవలేదు?"

"అక్కడ ఏ రాత్రీ లేవయ్ సార్."

"అలా ఉండదే." కుర్చీ పక్కకు జరిపి, వంగి నేల తడిమి చూశాడు. "కిందినుంచి నీళ్లు రాకపోతేనే లేవవు. అంటే లోపల ఏదో అడ్డం ఉంది. పైపులా? ఇక్కడ మేం ఏమీ వేయలేదే..."

అతని మాట పూర్తి కాలేదు. హన్మాండ్లు వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. పార తెస్తాను ఆగమని మహీధర్ అంటున్నా వినలేదు. పార అదురుకు మట్టి మళ్లీ జారుతుందేమోనని చేతులతోనే తోడాడు. ఎంత తోడినా అరచేతుల్లో బరువే లేదు. తీసినంతా అంచుల్లోంచి మళ్లీ జారి నిండుతోంది. "మెల్లగ, మెల్లగ" అని తనలో తానే అనుకుంటున్నాడు, పసివాణ్ణి నిద్ర లేపుతున్నట్టు. మోచేతుల దాకా దిగాక వేళ్లకు ఇనుము తగిలింది.

మహీధర్ టార్చి దగ్గరగా పట్టాడు. పసుపు రంగు గొట్టం. కంపాక్టర్ పిడి.

దాని మీద పనివాళ్ల చేతితొడుగు ఒకటి అతుక్కుని ఉంది. హన్మాండ్లు మట్టి దులిపి దాన్ని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు... తొడుగు ఖాళీగా లేదు.