బీనా ఫొటో, ఆ వెనకే కొవ్వొత్తి

ఆదివారం పొద్దున సొలొమోను ఇంట్లో దోసెల పెనం కంటే ముందు ఫోను కాగింది. మదనపల్లెలో జెరాక్సు అంగడి నడుపుకునే ఆ మనిషి, చర్చికని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పళ్ళెంలో దోసె అట్టముక్క అవుతున్నా పట్టకుండా తెర మీద వేలు రుద్దుతూ కూర్చున్నాడు.

ముందురోజు కుప్పంలో జూనియర్ అమ్మాయిల కబడ్డీ ఫైనల్ జరిగింది. ఆ ఊరి జట్టు మీద మదనపల్లె గెలిచింది. గెలిపించిన ఆఖరి రైడు సొలొమోను కూతురు బీనాది. పిల్లల బస్సు ఇంకా పుంగనూరు కూడా చేరకముందే, కోచ్ పంపిన ఫొటోను ఆయన ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు, తన స్టేటస్‌లోనూ పెట్టుకున్నాడు. అభినందనలు తొలకరి ఉసిళ్ళలా లేచాయి. ఎవడో పుంగనూరు చమత్కారి "మీ పిల్ల దెబ్బకు కుప్పంలో భూకంపం వచ్చిందంట కదన్నా" అని రాస్తే, సొలొమోను మురిసిపోయి పళ్ళికిలించే బొమ్మలు వరసగా పెట్టాడు.

ఆ బొమ్మలే కొంప ముంచాయి. ఆ సాయంత్రమే సముద్రాలకవతల నిజం భూకంపం వచ్చి ఒక పట్నం నేలమట్టమైంది. ఆ వార్త వచ్చి సరిగ్గా ఆ నవ్వుల కిందే పడింది.

"ఆడ పిల్లోళ్ళు రాళ్ళకింద సస్తాంటే, ఈడ పండ్లు సూపిస్తాండావే సొలొమోనూ!" అని టమోటా మండీ రెడ్డెప్ప అందుకున్నాడు. రోజూ పొద్దున్నే గ్రూపులో గులాబీ బొమ్మ పంపేవాళ్ళు సైతం సిగ్గు సిగ్గన్నారు. తెల్లారేసరికి ఆ తగువు ఊరిలోని గ్రూపులన్నీ తిరిగి మళ్ళీ ఆయన ఫోనుకే చేరింది.

సొలొమోను బెదిరిపోయాడు. గ్రూపులో బీనా ఫొటో తీసేశాడు. స్టేటస్‌లో మాత్రం తీయడం మరిచి, దాని వెనకే వెలిగే కొవ్వొత్తి ఒకటి పెట్టి, "కన్నీళ్ళలో ఉన్నవారి కోసం ప్రార్థించండి" అని రాశాడు.

బీనా కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"నాయనా, గ్రూపులో నా ఫొటో యాడ?"

"తీసేసినానమ్మా. జనాలు నానా మాటలంటాండారు. ఈ పొద్దు చర్చిలో నీ కోసం కృతజ్ఞత ప్రార్థన కూడా వద్దని అయ్యగారికి చెప్పేసినా."

"నేను గెలిసినందుకే ఆడ భూమి అదిరిందా?"

"నీకేం తెలుసు? ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండాను!"

"అయితే రేపు కుప్పం సెలెక్షన్లకు పోను. మళ్ళా గెలిస్తే నీకు మళ్ళా తలవంపులు." కబడ్డీ బూట్లను మంచం కిందికి తన్నేసింది.

రాష్ట్ర జట్టుకు ఎంపికలవి. వాటి కోసం ఆ పిల్ల చలనకా వాననకా గ్రౌండుకు పరుగెత్తింది. పెనం ముందున్న తల్లి ఫ్లోరాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఎవడో టైపు కొట్టినాడని కడుపున పుట్టినదాన్ని తుడిపేస్తావా?"

సొలొమోను నోరు తెరిచేలోగా గేటు దడాలుమంది. ఆయన అక్క ఎస్తేరమ్మ, పుంగనూరు నుంచి దొరికిన మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చేతిలో తెల్లచామంతుల దండతో శోకాలు పెడుతూ లోపలికి వచ్చింది. "నిన్న కప్పు ఎత్తుకుంటివే నా బంగారమా!" ఆ ఏడుపుకు తీగల మీది కాకులు లేచి కురబలకోట దాకా పోయి వాలాయని ఆ వీధివాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

"అత్తా, దోసె తింటావా?" అంది బీనా.

ఎస్తేరమ్మ కొయ్యబారి నిలబడింది. తర్వాత మేనకోడలిని ఊపిరాడకుండా వాటేసుకుంది.

"బతికుండావా తల్లీ!"

"ముందు ఆ దండ బయట పారేయండి వదినా!" ఫ్లోరా లాక్కుంది.

"బిడ్డ ఫొటో, ఎనకనే కొవ్వొత్తి! ఏమనుకోవల్లరా నేను? ఫోన్ చేస్తే ఎత్తవు!"

"గ్రూపులో జవాబులు రాస్తాండినానక్కా..."

ఎస్తేరమ్మ పిల్లను తల నుంచి కాలి దాకా తడిమి చీలమండ దగ్గర ఆగింది. "ఈ గోటి గాట్లేంది? నువ్వు సూసినావారా?"

సొలొమోను చూడలేదు.

బీనా తండ్రి వైపు తిరిగింది. "నాయనా, ఆ కూలిపోయిన ఊరి పేరేంది?"

సొలొమోను చెయ్యి ఫోను మీదికి పోయింది. "ఉండు, సూసి చెప్తా..."

"ప్రార్థించమని రాసినావే, పేరు తెలీదా? మేం బస్సులో వీడియో సూసినాం. ఆడ జనాలంతా బడి గ్రౌండులో పండుకోనుండారు. మా గ్రౌండు మాదిరే ఉండాది. అందరం ఏడ్సినాం. కాసేపటికి కప్పు పట్టుకోని పాటలు కూడా పాడినాం. తప్పా నాయనా?"

సొలొమోను ఫోనును బోర్లా పెట్టాడు. ఊరందరికీ సంజాయిషీ చెప్పాడు. కన్నకూతురితో మాత్రం, వచ్చినప్పటి నుంచి, బాగా ఆడావని ఒక్క మాట అనలేదు.

"ఆ ఆఖరి రైడు ఎట్ల పోయినావో చెప్పమ్మా."

"చెప్పను."

"నాకన్నా చెప్పు తల్లీ," అంది ఎస్తేరమ్మ. "ఏడ్సను వచ్చినదాన్ని, ఉత్తగా పోవల్లనా?"

బీనా మూతి ముడుచుకునే లేచింది. "గడప మధ్యగీత. నువ్వు నా కాలు పట్టుకో నాయనా. కుప్పం పిల్ల ఇట్లనే పట్టుకునింది. గట్టిగా!"

ఇస్త్రీ చొక్కాతోనే సొలొమోను నేల మీదికి దిగి కాలు పట్టుకున్నాడు. బీనా కబడ్డీ కబడ్డీ అంటూ గడప వైపు ఒళ్ళు సాచింది. గాట్లు వేళ్ళకు తగలగానే ఆయన చెయ్యి సడలిపోయింది.

"యాల వదిలేసినావు? ఆ పిల్ల వదల్లేదు!"

"నా వల్ల కాలేదమ్మా." కండువా లేదు, మోచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బీనా మళ్ళీ కాలు ముందుకు చాపింది.

"ఏడ్సింది సాలు, సరిగ్గా పట్టుకో. రేపు కుప్పంలో నన్నెవురూ ఇట్ల వదలరు."